మంచం నుంచి డ్యూటీకి.. మగవాళ్ల లెక్క మార్చిన డాక్టర్‌

యుద్ధంలో వెన్ను విరిగి, నడుము కింద శరీరం చచ్చుబడిన కుర్రాళ్లు. కాళ్లు పోయాయి. జీతం పోయింది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు. ఇక మనం మగాళ్లమేనా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆ ప్రశ్నకు ఓదార్పు మాటలతో కాకుండా టైమ్‌టేబుల్‌తో జవాబు చెప్పిన మనిషి సర్‌ లుడ్విగ్‌ గుట్‌మన్‌. లోకం ఆయన్ని పారాలింపిక్స్‌ పితామహుడంటుంది. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు చూడాల్సింది మాత్రం పతకాల కంటే ముందున్న కథ.

ఎక్స్‌రేలో కనిపించని దెబ్బ

వెన్నుపామును ఓ కేబుల్‌ అనుకోండి. చిటికెన వేలంత మందం ఉంటుంది. మెదడు నుంచి కాళ్లకూ చేతులకూ ఆర్డర్లు వెళ్లేది, అక్కడి నుంచి నొప్పి, వేడి, స్పర్శ లాంటి కబుర్లు తిరిగొచ్చేది దాంట్లోంచే. మెడ దగ్గర తెగితే చేతులూ కాళ్లూ రెండూ దెబ్బతింటాయి. వీపు దగ్గర తెగితే నడుము కింద భాగానికి నెట్‌వర్క్‌ పోయినట్టే. కాలి కండరాలు బాగానే ఉంటాయి, వైరు తెగింది అంతే. కాకపోతే ఈ వైరు తెగితే మళ్లీ అతికేది కాదు.

నడక పోవడం అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి. మూత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. మలవిసర్జన మీద అదుపు ఉండదు. లైంగిక సామర్థ్యం దెబ్బతింటుంది. ఒకేచోట పడుకుంటే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది, నొప్పి తెలియదు కాబట్టి ఆ పుండు ఎముక దాకా వెళ్లినా రోగికి ఆ సంగతే తెలియదు.

ఇవన్నీ కలిసి తగిలేది ఎక్కడంటే.. మగతనం అంటే ఇదీ అని చిన్నప్పట్నుంచి మన బుర్రలో ఎక్కించిన దాని మీద. మగాడన్నాక ఏడవకూడదు. ఎవరి మీదా ఆధారపడకూడదు. బరువు మోయాలి, సంపాదించాలి, పదిమందికి పెట్టాలి. చేతికందొచ్చిన కొడుకు అనే మాటలోనే ఎంత లెక్క ఉందో చూడండి. అలాంటి కొడుక్కి పాతికేళ్ల వయసులో అమ్మ మళ్లీ ఒళ్లు తుడవాల్సి వస్తే? పరామర్శకు వచ్చినవాళ్లు తనను వదిలేసి, తన గురించి పక్కనున్న అన్నయ్యను అడుగుతుంటే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద కోటిన్నర మందికి పైనే. వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అందులోనూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లకు ముప్పు ఎక్కువ. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడటం ప్రధాన కారణాలు. మన దగ్గరైతే తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుడు, సెంట్రింగ్‌ పనిలో కాలు జారిన కూలీ, బైకు మీంచి ఎగిరిపడిన డిగ్రీ కుర్రాడు. అంటే ఇంటి బరువు ఇప్పుడిప్పుడే భుజానికెత్తుకుంటున్న వయసులోనే ఈ దెబ్బ తగులుతోంది.

పద్దెనిమిదేళ్ల వార్డుబాయ్‌

గుట్‌మన్‌ పుట్టింది 1899 జులై 3న, అప్పట్లో జర్మనీలో ఉన్న టోస్ట్‌ అనే చిన్న ఊళ్లో. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. యూదు కుటుంబం, నలుగురు పిల్లల్లో పెద్దవాడు. అతనికి మూడేళ్లప్పుడు కుటుంబం కోనిగ్స్‌హ్యూటె అనే పట్టణానికి మారింది. మన సింగరేణి ఊళ్లలాగే అదీ బొగ్గు మీద బతికే ఊరు. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, అక్కడి ప్రమాదాల ఆసుపత్రిలో వాలంటీరుగా వార్డుబాయ్‌ పనిలో చేరాడు.

ఓ రోజు గనిలో నడుం విరిగిన యువ కార్మికుడిని తీసుకొచ్చారు. దిట్టమైన మనిషి. కానీ నడుము కింద చలనం లేదు. వార్డుబాయ్‌ అతని వివరాలు శ్రద్ధగా రాసుకుంటుంటే అంత రాయక్కర్లేదని, కొన్ని వారాల్లో పోయేవాడే కదా అని పెద్దవాళ్లు తేల్చేశారు. పిండికట్టు వేసి, మిగతా రోగులకు దూరంగా పడుకోబెట్టారు. అన్నట్టే పుండ్లు పడ్డాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ వచ్చింది, కొన్ని వారాలకే చనిపోయాడు.

అప్పటి వైద్యంలో అది మామూలు సంగతి. గుట్‌మన్‌కు మాత్రం ఆ మనిషి జీవితాంతం గుర్తుండిపోయాడు. వెన్ను విరగడం వేరు, చావు వేరు. మధ్యలో జరిగిన పుండ్లు, ఇన్‌ఫెక్షన్‌, పట్టించుకోకపోవడం.. ఇవి ఆపగలిగినవే కదా అన్న అనుమానం అక్కడే మొదలైంది. దానికి జవాబు వెతికే అవకాశం చేతికి రావడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది.

నంబర్‌ వన్‌ పొజిషన్‌ నుంచి జీరోకి

1918లో బ్రెస్లావ్‌లో మెడిసిన్‌లో చేరి, 1924లో డాక్టరు పట్టా తీసుకున్నాడు. ఆ రోజుల్లో నరాల వైద్యంలో యూరప్‌ మొత్తం పేరు మోగిన ఆట్‌ఫ్రిడ్‌ ఫోర్‌స్టర్‌ దగ్గర పని నేర్చుకున్నాడు. మధ్యలో ఏడాది హాంబర్గ్‌లో పనిచేసి, తిరిగొచ్చి ఫోర్‌స్టర్‌కు మొదటి అసిస్టెంటు అయ్యాడు. 1927లో ఎల్సాతో పెళ్లి. కొడుకు డెనిస్‌, కూతురు ఈవా. మనవాళ్ల భాషలో చెప్పాలంటే సెటిలయ్యాడు.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. యూదులు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండకూడదన్నారు. పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేకపోయినా, పుట్టుక పేరుతో 34 ఏళ్ల వయసులో ఉద్యోగం ఊడింది. బ్రెస్లావ్‌లోని యూదుల ఆసుపత్రిలో చేరి, 1937 నాటికి దానికి మెడికల్‌ డైరెక్టరయ్యాడు. 1938 నవంబర్‌ 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ఇళ్ల మీద, ప్రార్థనా మందిరాల మీద దాడులు జరిగాయి. ఆ రాత్రి గడప తొక్కిన ప్రతి మగవాణ్నీ ప్రశ్నలు అడక్కుండా చేర్చుకోమని సిబ్బందికి చెప్పాడు. మర్నాడు గెస్టపో పోలీసులు వచ్చి, ఒక్క రాత్రిలో ఇంతమంది రోగులేంటని నిలదీశారు. గుట్‌మన్‌ వాళ్లను మంచం మంచానికీ తిప్పి, ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు వివరించాడు. అలా చేరిన 64 మందిలో 60 మంది అరెస్టు తప్పించుకున్నారు.

ఆ డిసెంబర్‌లో పోర్చుగల్‌లో ఒక రోగిని చూసి రమ్మని నాజీ ప్రభుత్వమే ఆయన్ని పంపింది. తిరుగు ప్రయాణంలో లండన్‌లో ఆగినప్పుడు, శరణార్థులైన మేధావులకు సాయం చేసే సంఘం వీసాల ఏర్పాటు చేసింది. 1939 మార్చి 14న భార్యా పిల్లలతో ఇంగ్లండ్‌లో దిగాడు. నలభై దగ్గర పడుతున్న వయసు, కొత్త దేశం, కొత్త భాష. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన పని దొరికింది. రోగులకు సొంతంగా వైద్యం చేసే అవకాశం మాత్రం దాదాపు లేదు. సర్జరీలు చేసిన చేతులు నాలుగేళ్లకు పైగా ల్యాబ్‌కే పరిమితమయ్యాయి.

ఆయన జీవితకథల్లో ఈ నాలుగేళ్లను తొందరగా దాటేస్తుంటారు. తర్వాత జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భాగమే కీలకం అనిపిస్తుంది. పని రాక కాదు, పని చేయనివ్వక ఇంట్లో కూర్చోబెడితే మనిషి లోపల ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

26 మంచాలు, ఒకే ఒక్క పేషెంటు

1943లో బ్రిటన్‌ సైన్యం యూరప్‌ మీద పెద్ద దాడికి సిద్ధమవుతోంది. వేలల్లో గాయపడతారని తెలుసు. వెన్ను విరిగినవాళ్లను ఒకేచోట చూసే కేంద్రం కావాలి. డాక్టర్‌ జార్జ్‌ రిడోక్‌ ఆ బాధ్యత తీసుకుంటారా అని గుట్‌మన్‌ను అడిగాడు. తన పద్ధతిలో పని చేయనిస్తే వస్తానన్నది ఆయన పెట్టిన షరతు. తోటి డాక్టర్లకు ఇదేం పిచ్చి అనిపించింది. చావు తప్పదనుకునే రోగుల వార్డును కోరి నెత్తికెత్తుకోవడం ఎవరికీ అర్థం కాలేదు.

1944 ఫిబ్రవరి 1న ఎయిల్స్‌బరీ దగ్గరున్న స్టోక్‌ మాండవిల్‌ ఆసుపత్రిలో కేంద్రం మొదలైంది. 26 మంచాలు, మొదటి రోజు ఒకే ఒక్క పేషెంటు. తర్వాత కుర్రాళ్లు వరసగా వచ్చారు. చాలామంది పిండికట్లలో, వీపు మీద పెద్ద పెద్ద పుండ్లతో, జ్వరంతో, ఎముకల గూళ్లలా ఉన్నారు.

గుట్‌మన్‌ ముందుగా పిండికట్లు తీసేయించాడు. ప్రతి రోగినీ రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ, పక్కకు తిప్పాలన్నాడు. ఒకేచోట ఒత్తిడి పడకపోతే పుండు పడదు. మూత్రం కోసం ఎప్పుడూ పైపు వేసి ఉంచే బదులు, శుభ్రంగా చేతులు కడుక్కుని, వేళకు పైపు పెట్టి తీసేసే పద్ధతి పెట్టాడు. మొదట్లో ఆ పని తానే చేసేవాడు. అర్ధరాత్రి వార్డులోకి వచ్చి, రోగుల్ని వేళకు తిప్పారో లేదో చూసుకునేవాడు.

కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. మా సాఫ్ట్‌వేర్‌ వాళ్ల భాషలో చెప్పాలంటే, కొత్త ప్రొడక్ట్‌ ఏం లేదు, ప్రాసెస్‌ మార్చాడు. ఒక్క షిఫ్ట్‌ కూడా మిస్‌ కాకుండా నడిపాడు. కొన్ని వారాల్లో పోతారనుకున్నవాళ్లు బతకడం మొదలుపెట్టారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది.

బతికారు సరే.. ఎందుకు?

ఆ వార్డులో ఉన్నవాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఇరవై, పాతికేళ్ల సైనికులు. పరుగు, బరువు, దెబ్బలాట.. వీటి మీదే తమ విలువ కట్టుకున్నవాళ్లు. మొన్నటిదాకా తుపాకీ పట్టినవాడికి ఇప్పుడు నర్సు వచ్చి మూత్రం పైపు పెడుతోంది. ప్రేమించిన అమ్మాయికి ఉత్తరం రాయాలా వద్దా అని తేల్చుకోలేడు. ఇంటికెళ్తే గడప దాటడానికి నలుగురు ఎత్తాలి. కొందరికి ఇంటికెళ్లడం కంటే ఆసుపత్రే నయం అనిపించేది, ఇక్కడైతే అందరూ తనలాంటివాళ్లే.

బయటివాళ్లు చూపించేది జాలి. యుద్ధవీరుడు కదా అని పింఛను ఇస్తారు, కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పుతారు. ఆ జాలే సగం జబ్బని గుట్‌మన్‌కు అర్థమైంది. కాళ్లు పోయినవాడికి జాలి చూపిస్తే, నీతో ఇక పని లేదని మర్యాదగా చెప్పినట్టే. మగాడంటే పనికొచ్చేవాడు అని నమ్మి పెరిగిన కుర్రాడికి ఆ మాట బుల్లెట్‌ కంటే లోతుగా దిగుతుంది.

అందుకే ఆయన వార్డుకు టైమ్‌టేబుల్‌ పెట్టాడు. పొద్దున్నే లేవాలి, తయారవ్వాలి. వడ్రంగి పని, గడియారాల రిపేరు, టైపింగ్‌.. ఏదో ఒకటి నేర్చుకోవాలి. కాళ్లతో పనిలేని నైపుణ్యాలు ఏమున్నాయో లిస్టు రాసుకుని వాటికే శిక్షణ ఇచ్చినట్టు ఉంటుంది. పింఛను వస్తుంది కదా, ఇంకా పనెందుకు అనేవాళ్లతో ఆయనకు అస్సలు పడేది కాదు. ఇక్కణ్నుంచి వెళ్లేవాళ్లు ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో బతకడం కాదు, ప్రభుత్వానికి పన్ను కట్టాలన్నది ఆయన పట్టుదల.

సరిగ్గా అదే ఏడాది, 1944లో, బ్రిటన్‌లో వికలాంగుల ఉపాధి చట్టం వచ్చింది. 20 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న సంస్థల్లో 3 శాతం కోటా దాంతోనే మొదలైంది. ఒకవైపు చట్టం తలుపు తీసింది. ఇంకోవైపు ఆ తలుపులోంచి వెళ్లడానికి మనిషిని సిద్ధం చేసే పని స్టోక్‌ మాండవిల్‌లో జరిగింది. రెండిట్లో ఏది లేకపోయినా రెండోది కాగితం మీదే ఉండిపోయేది.

ఆయన మెత్తటి మనిషేం కాదు. కేకలేసేవాడు, ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు. అయినా రోగులు ఆయనకు పెట్టుకున్న ముద్దుపేరు పాపా, అంటే నాన్న. వాళ్లు ఆ కేకల్ని భరించడానికి కారణం ఉంది. బయట అందరూ వాళ్లతో పసిపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతుంటే, ఈయనొక్కడే పని చేయగలిగిన మగాడితో గొడవ పడ్డట్టు గొడవ పడేవాడు.

కర్రలు పట్టుకుని వీల్‌చైర్‌ పోలో

వార్డులో వ్యాయామం నేర్పించడానికి సైన్యం నుంచి హిల్‌ అనే ఇన్‌స్ట్రక్టర్‌ వచ్చాడు. కుర్రాళ్లు వీల్‌చైర్లలో కూర్చుని, చేతికర్రలతో చెక్కబిళ్లను కొడుతూ పోలో లాంటి ఆట మొదలైంది. గుట్‌మన్‌, హిల్‌ కూడా వీల్‌చైర్లెక్కి ఆడి చూశారు. కర్రలు తగిలి దెబ్బలయ్యేంత మొరటుగా తయారవడంతో ఆ ఆట ఆపేసి నెట్‌బాల్‌ పెట్టారు. అదే తర్వాత వీల్‌చైర్‌ బాస్కెట్‌బాల్‌ అయింది.

ఆటల వెనక వైద్య కారణం ఉంది. నడుము కింద పని చేయనప్పుడు మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి మారాలంటే భుజాలు, చేతులు, ఛాతీ కండరాలే దిక్కు. కూర్చుని బ్యాలెన్స్‌ ఆపుకోవడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. జిమ్‌లో వంద సార్లు చేయమంటే విసుగొచ్చే కసరత్తే, బంతి కోసం అయితే గంటల తరబడి చేస్తారు.

దాని వెనక ఇంకో కారణం ఉంది. ఆటలో ఎవరూ నిన్ను జాగ్రత్తగా చూడరు. ఢీకొడతారు, తిడతారు, ఓడిస్తారు. ఓడిపోయే హక్కు కూడా మగతనంలో భాగమేనని ఆ కుర్రాళ్లకు మళ్లీ తెలిసింది. ఆర్చరీ ఇంకా నయం. విల్లు లాగడానికి కావాల్సింది భుజబలం, గురి. కూర్చున్నవాడు నిలబడ్డవాడితో సమానంగా పోటీ పడొచ్చు. గుట్‌మన్‌ ఈ మాట ముందే గట్టిగా చెప్పేవాడు. 1984లో న్యూజీలాండ్‌ ఆర్చర్‌ నెరోలీ ఫెయిర్‌హాల్‌ వీల్‌చైర్‌లో కూర్చుని నేరుగా ఒలింపిక్స్‌లోనే పోటీ పడింది.

1948 జులై 29న లండన్‌ ఒలింపిక్స్‌ మొదలయ్యాయి. అదే రోజు స్టోక్‌ మాండవిల్‌ ఆసుపత్రి మైదానంలో 16 మంది ఆర్చరీ పోటీకి దిగారు. 14 మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు. ఒలింపిక్స్‌తో సమానంగా మనకూ ఆటలుంటాయని ఆయన ఆ మర్నాటి ఏడాదే చెప్పడం మొదలుపెట్టాడు. విన్నవాళ్లు నవ్వుకుని ఉండొచ్చు. 1952లో నెదర్లాండ్స్‌ జట్టు రావడంతో పోటీలు అంతర్జాతీయమయ్యాయి. 1960లో ఒలింపిక్స్‌ ముగిసిన రోమ్‌ నగరంలోనే 23 దేశాల నుంచి 400 మంది పోటీ పడ్డారు. వాటినే ఇవాళ మొదటి పారాలింపిక్స్‌గా లెక్కేస్తున్నారు.

అప్పట్లో ఎవరూ పైకి అనని మాట

వెన్నుపాము దెబ్బతిన్న మగవాళ్లలో చాలామంది డాక్టర్ని అడగాలనుకుని అడగలేని ప్రశ్న ఒకటుంటుంది. పెళ్లి చేసుకోవచ్చా? పిల్లలు పుడతారా? 1940ల ఇంగ్లండ్‌లో ఈ మాట వార్డులో ఎత్తడమే తప్పు. బతికి బయటపడ్డాడు, అదే ఎక్కువ, ఇంకా ఇవన్నీ ఎందుకన్నది అప్పటి ధోరణి.

గుట్‌మన్‌ దాన్ని కూడా వైద్యుడు చూసుకోవాల్సిన పనిగానే తీసుకున్నాడు. వెన్నులోకి ప్రోస్టిగ్‌మిన్‌ అనే మందు ఎక్కించి, పోయిందనుకున్న వీర్యస్ఖలనాన్ని రప్పించే పద్ధతిని 1940ల చివర్లోనే ప్రయత్నించాడు. దాని మీద ఏళ్ల తరబడి పరిశీలన చేసి, 1971లో సహచరుడితో కలిసి వైద్య పత్రికలో రాశాడు. ఆ మందుకు ప్రమాదాలు ఉండటంతో తర్వాత వేరే సురక్షిత పద్ధతులు వచ్చాయి. అయినా అప్పటికి జరిగిన పెద్ద మార్పు వేరే ఉంది. సిగ్గుపడి లోపల దాచుకోవాల్సిన లోపంగా ఉన్న విషయం, కేస్‌షీట్‌లో రాసుకుని చర్చించే విషయమైంది.

మన దగ్గర ఇప్పటికీ ఈ మాట నోటితో అనడం కష్టం. మగతనం పోయిందనే మాటను తిట్టుగా వాడే సమాజంలో, ప్రమాదం జరిగిన కుర్రాడు ఈ ప్రశ్నను అమ్మానాన్నల ముందు అడగలేడు. డాక్టరే ముందు మాట కలపాలి. ఎనభై ఏళ్ల కిందటే ఒకాయన కలిపాడు.

టోక్యోలో తేలిన తేడా

1960లో జపాన్‌ నుంచి యుటాకా నకమురా అనే యువ డాక్టర్‌ స్టోక్‌ మాండవిల్‌కు వచ్చి గుట్‌మన్‌ దగ్గర చేరాడు. ఆయన దేశంలో వెన్ను విరిగినవాళ్లు ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లోనే ఉండిపోయేవాళ్లు. ఇంగ్లండ్‌లో మాత్రం నెలల్లోనే ఇంటికెళ్లి, ఉద్యోగాల్లో చేరడం చూసి ఆశ్చర్యపోయాడు.

1964లో టోక్యోలో ఈ ఆటలు జరిగినప్పుడు తేడా అందరి కళ్లబడింది. జపాన్‌ ఆటగాళ్లలో చాలామంది ఆసుపత్రుల నుంచి, సంరక్షణ కేంద్రాల నుంచి వచ్చినవాళ్లు. విదేశీ ఆటగాళ్లు ఉద్యోగస్తులు, పెళ్లాం పిల్లలున్నవాళ్లు. సాయంత్రమైతే ఊళ్లో తిరిగి సరదాగా గడిపేవాళ్లు. గాయం ఒకటే. ఒకరి బతుకు వార్డులో, ఇంకొకరి బతుకు ఆఫీసులో. అంటే తేడా వెన్నుపాములో లేదు. చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది.

ఏడాది తిరక్కుండానే, 1965లో, నకమురా బెప్పు నగరంలో సూర్యుడి ఇల్లు అనే అర్థం వచ్చే పేరుతో తైయో నో ఐయె సంస్థ పెట్టాడు. అక్కడ వికలాంగులకు పని నేర్పి, జీతం ఇప్పించడం మొదలుపెట్టాడు. 1972లో ఒమ్రాన్‌ కంపెనీ వాళ్లతో కలిసి ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత సోనీ, హోండా లాంటివీ వచ్చాయి. దానం అడగలేదు, పని అడిగాడు.

ఆ 1972లోనే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పారాలింపిక్స్‌ జరిగాయి. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి నడుము కింద చచ్చుబడిన మన సైనికుడు మురళీకాంత్‌ పేట్కర్‌ అక్కడ 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచారు. పారాలింపిక్స్‌లో భారత్‌కు అదే మొదటి స్వర్ణం. దెబ్బ తగలకముందు ఆయన బాక్సర్‌. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితం ఆధారంగా 2024లో హిందీ సినిమా కూడా తీశారు.

ఆయన లెక్కలోనూ ఖాళీలున్నాయి

గుట్‌మన్‌ను దేవుణ్ని చేయక్కర్లేదు. పనిచెయ్, సంపాదించు, గెలువు, తండ్రివి అవ్వు.. ఆయన తిరిగిచ్చిన మగతనం దాదాపు పాతదే. కాళ్ల బదులు చేతులు వచ్చాయి, కొలబద్ద మారలేదు. నడుము కింద మాత్రమే చచ్చుబడి, చేతుల్లో బలం ఉన్నవాళ్లకు ఆ దారి బాగా పనికొచ్చింది. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు కూడా లేవనివాడి సంగతేంటి? ఏ వర్క్‌షాప్‌కూ వెళ్లలేనివాడు, ఏ ఆటా ఆడలేనివాడు మనిషి కాకుండా పోతాడా? ఆడవాళ్ల గాయం, వాళ్ల పని, వాళ్ల ఇల్లు ఆ వార్డు ఆలోచనల్లో చాలా వెనక ఉండేవి.

వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్ల కోసమే మొదలైన ఆటల్లోకి మిగతా వైకల్యాలున్నవాళ్లు రావడానికీ చాలా కాలం పట్టింది. చూపు లేనివాళ్లు, చేయో కాలో కోల్పోయినవాళ్లు 1976 టొరంటో పోటీలతోనే లోపలికొచ్చారు. 2024 పారిస్‌ పారాలింపిక్స్‌లో మన వరంగల్‌ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం అది. 1948లో ఆర్చరీ బోర్డులు నిలబెట్టినప్పుడు ఆ విభాగం ఎవరి ఊహలోనూ లేదు.

ఆ ఖాళీలు తర్వాతి తరాలు పూరిస్తూ వచ్చాయి, అందులో వెన్ను విరిగిన మగవాళ్లే ముందున్నారు. సాయం అడగడం చేతకానితనం కాదని వాళ్లు చెబుతున్నారు. పిల్లాడికి లెక్కలు నేర్పించే నాన్న, ఇంటి ఖర్చుల పద్దు చూసుకునే భర్త, ఫోన్లోనే నలుగురికీ దారి చూపే అన్నయ్య.. వీళ్లకూ ఇంట్లో చోటుంది. సంపాదన ఆ చోటుకు ఒక దారి మాత్రమే.

మనకెందుకు ఈ కథ?

గుట్‌మన్‌కు 1966లో సర్‌ బిరుదు ఇచ్చారు. 1976లో రాయల్‌ సొసైటీ ఫెలో అయ్యారు. 1980 మార్చి 18న, 80 ఏళ్ల వయసులో గుండెజబ్బుతో చనిపోయారు. 2012లో బీబీసీ ఆయన మీద తీసిన సినిమా పేరుకు అర్థం మగవాళ్లలో మేటివాళ్లు అని.

నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ, రిజల్ట్‌లో పేరు లేక, చుట్టాల పెళ్లికి వెళ్లాలంటేనే భయపడే కుర్రాళ్లకు ఈ వార్డు అంత కొత్తగా అనిపించదు. ఏం చేస్తున్నావు బాబూ అని ఎవరైనా అడగ్గానే తల దించుకోవడంలోనూ ఇదే లెక్క పని చేస్తుంది. వెన్నుపాము గాయానికీ నిరుద్యోగానికీ పోలిక పెట్టడం సరికాదు, మొదటిదాని బరువు వేరే. సంపాదన లేకపోతే మగాడివి కాదన్న తీర్పు మాత్రం రెండు చోట్లా ఒకటే.

స్టోక్‌ మాండవిల్‌లో కుర్రాళ్లకు ఆ తీర్పు నుంచి బయటపడటానికి పనికొచ్చింది రోజూ చేసే చిన్న పని. పొద్దున లేచి తయారవడం, ఒక నైపుణ్యం చేతికి తెచ్చుకోవడం, పక్క మంచం వాడితో ఆడి ఓడటం. ఆఫర్‌ లెటర్‌ తర్వాత వచ్చింది. అది రాకముందు నెలల్లో కూడా వాళ్లను మనుషుల్లాగే నిలదీసి, కేకలేసి, లెక్కలోకి తీసుకున్న వాళ్లు పక్కన ఉన్నారు. మీ హాస్టల్‌ రూమ్‌లో మూడోసారి రిజల్ట్‌ పోయి గోడవైపు తిరిగి పడుకున్న ఫ్రెండ్‌ ఉంటే, జాలి పడకండి. టీకి లేపుకెళ్లండి, రేపటి మాక్‌ టెస్ట్‌కు పేరు రాయించండి.

తెలిసి ఉండాల్సినవి

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం 21 రకాల వైకల్యాలకు గుర్తింపు ఉంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం పోస్టులు 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు కేటాయించాలి. అందులో 1 శాతం కదలికకు సంబంధించిన వైకల్యాలకు.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి.

ఇంట్లోనో, ఊళ్లోనో వెన్ను దెబ్బతిన్నవాళ్లుంటే ముందు యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయించండి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఈ గుర్తింపు కార్డు వైకల్యానికి రుజువుగా దేశమంతా చెల్లుతుంది.